అత్తమ్మ ఒడిలో ఆల్బమ్

ఆసిఫాబాద్ నుంచి కెరమెరి ఘాట్ ఎక్కి జైనూర్ వైపు పోతే మార్లవాయి అని ఒక గోండు గూడెం ఉంది. 1940ల్లో అక్కడ తీసిన ఫోటోలు ఇవాళ లండన్‌లో, సోయాస్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. ఇంటర్నెట్‌లో కూడా చూడొచ్చు. ఏ ఊళ్లో తీశారు, ఎప్పుడు తీశారు, అప్పుడు ఏం జరుగుతోంది అన్న వివరాలు వాటితో పాటే ఉంటాయి.

మా అత్తమ్మ సందూకలో ఉన్న ఫోటోలు అంత పాతవి కావు. మహా అయితే యాభై ఏళ్లవి. వెనక్కి తిప్పి చూస్తే స్టూడియో ముద్ర తప్ప ఒక్క అక్షరం లేదు. ఒకదాంట్లో ఏడుగురు ఆడవాళ్లు బతుకమ్మలతో పెద్దవాగు ఒడ్డున నిలబడి ఉన్నారు. మా ఆయనకు అందులో తెలిసింది ఒక్కరే, వాళ్లమ్మ. మిగతా ఆరుగురూ మా అత్తమ్మకు తప్ప ఈ ఇంట్లో ఇంకెవరికీ తెలియదు. ఆమెకేమో డెబ్బై ఆరేళ్లు.

రెండేళ్లుగా ఈ ఫోటోలను ట్యాబ్‌లో స్క్రాప్‌బుక్‌లాగా చేస్తున్నాను. చూసినవాళ్లందరూ అడిగే మాట ఒకటే: "ఇంట్ల ల్యాప్‌టాప్ ఉన్నది గదా, గీ చిన్న పలక మీద ఎందుకు తిప్పలు?" దానికి నేను చెప్పే జవాబు కొంచెం పొడుగు. ఆల్బమ్ అనేది మన చేతుల్లోకి ఎట్లా వచ్చింది, మధ్యలో ఎట్లా జారిపోయింది అన్నది కూడా చెప్తే గానీ అర్థం కాదు.

మార్లవాయి ఫోటోలతోనే మొదలుపెడతాను. తీసినాయన క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్, ఆస్ట్రియా దేశస్థుడు. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి ఆయన మన దేశంలో ఉన్నాడు. శత్రుదేశం పాస్‌పోర్టు కాబట్టి హైదరాబాద్ రాజ్యం దాటి పోకూడదన్నారు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్ ప్రాణాలిచ్చిన తర్వాత, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకొమ్మని నిజాం ప్రభుత్వం ఈయనను పంపింది. మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు. వెంట భార్య బెట్టీ ఎలిజబెత్. కెమెరా ఆయనదే గాని, కొండల్లో ఆయనతో సమానంగా తిరిగింది ఆమె. 1987లో ఆమె పోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. ఇప్పటికీ ఊరివాళ్లు అక్కడ పూలు పెడతారు.

ఆ ఫోటోలు ఇన్నేళ్లు నిలిచింది మంచి కెమెరా వల్ల కాదని నా నమ్మకం. రాత్రి కందిలి వెలుతురులో కూర్చుని ఎవరో ఒకరు వివరం రాసి పెట్టారు కాబట్టి నిలిచాయి. వివరం లేకపోతే అవి కూడా "పాతకాలం గోండులు" అని ఒక్క కట్టలో పడి ఉండేవి.

ఆ మాటకొస్తే గోండులకు వేరే వాళ్లొచ్చి రాసిపెట్టే అవసరం కూడా లేదు. వాళ్ల వంశాలు గుర్తుపెట్టుకునే పని పర్‌ధాన్‌లది. కింగ్రి వాయిస్తూ ఏ ఇంటిపేరు వాళ్లు ఎక్కడినుంచి వచ్చారు, ఎవరికి ఎవరేమవుతారు అని ఆ ఇంటివాళ్ల ముందరే కూర్చుని పాడతారు. వినేవాళ్లు ఎదురుగా ఉంటారు, తప్పు పోతే అక్కడే అందుకుంటారు. ఈ "ఎదురుగా కూర్చోవడం" అన్నది గుర్తుపెట్టుకోండి, ట్యాబ్ దగ్గర మళ్లీ వస్తుంది.

ఇంకా దగ్గరి సంగతి గుంజాలది. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలో ఊరు. అక్కడి ఇళ్లల్లో గోండి లిపిలో రాసిన పాత రాతప్రతులు ఉన్నాయని 2006 ప్రాంతంలో బయటివాళ్లకు తెలిసింది. చదవగలిగినవాళ్లు ఊళ్లో కొద్దిమంది పెద్దలే. హైదరాబాద్ నుంచి పండితులు వచ్చి, ఆ పెద్దల పక్కన కూర్చుని, ఒక్కో అక్షరం అడిగి రాసుకున్నారు. 2018లో ఆ అక్షరాలు యూనికోడ్‌లో చేరాయి, అంటే ఫోన్‌లో, కంప్యూటర్‌లో రాసుకునే వీలు వచ్చింది. ఆ పెద్దలు ఉండగా ఎవరూ అడగకపోయి ఉంటే ఆ కాగితాలు ఉండేవి, చదివే మనిషి ఉండకపోయేది. మా ఏడుగురు ఆడవాళ్ల ఫోటో సంగతి కూడా సరిగ్గా అదే.

ఇక ఆల్బమ్ కథకు వస్తాను. కాగితాలు కత్తిరించి పుస్తకంలో అతికించుకోవడం అన్ని దేశాల్లో ఉన్న సరదానే. అమెరికాలో మార్క్ ట్వైన్ అనే పెద్ద రచయితకు ఈ పిచ్చి ఎంత ఉండేదంటే, పేజీలకు ముందే జిగురు పూసి ఉంచిన స్క్రాప్‌బుక్ ఒకటి తయారుచేసి 1873లో పేటెంటు తీసుకున్నాడు. తడిచేస్తే చాలు, అంటుకుంటుంది. మనకు ఆ భాగ్యం లేదు. మా చిన్నప్పుడు మైదాపిండి ఉడకబెట్టి లై చేసేవాళ్లం, లేదంటే తుమ్మబంక నానబెట్టేవాళ్లం. పాత నోటుబుక్కులో ఒక పేజీలో ముగ్గు, ఎదురు పేజీలో సినిమా పత్రికలోంచి కత్తిరించిన శ్రీదేవి. మా అవ్వ పుస్తకంలో పచ్చళ్ల కొలతలు, మేనమామ పెళ్లి శుభలేఖ, పేపర్లోంచి చింపిన వైద్యం చిట్కాలు కలిసిపోయి ఉండేవి. అది స్క్రాప్‌బుక్ అని మాకు తెలియదు. అప్పటికి అది "అవ్వ బుక్కు".

ఫోటో మాత్రం ఆడవాళ్ల దగ్గరికి ఆలస్యంగా వచ్చింది. హైదరాబాద్‌లో ఆరో నిజాంకు ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్. ఆయన 1892లో ఆడవాళ్ల కోసమే ఒక జనానా స్టూడియో తెరిచాడు. పరదా పాటించే ఇళ్లవాళ్లు మగ ఫోటోగ్రాఫర్ ముందుకు రారు కాబట్టి, దాన్ని కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు ఆమె నడిపింది. ఆ స్టూడియో గురించి చదివినప్పుడు నాకు మొదట తట్టింది కెమెరా సంగతి కాదు. ఎవరి ముందు కూర్చుంటే ఆడవాళ్లకు ఇబ్బంది ఉండదో ఆలోచించి యంత్రం దగ్గర మనిషిని మార్చాడు దీన్‌దయాళ్. యంత్రం అదే, కూర్చునే తీరు మారింది, ఆడవాళ్లు వచ్చారు.

అదంతా నవాబుల సంగతి. అమెరికాలో కొడాక్ కంపెనీ 1900లో ఒక్క డాలరుకు బ్రౌనీ కెమెరా అమ్మి ఫోటోను మామూలు ఇళ్లకు చేర్చింది గాని, మా వైపు మామూలు ఇళ్లకు ఫోటో అంటే స్టూడియోనే. రైలు దిగి బజార్‌కు వచ్చి, పౌడరు వేసుకుని, తాజ్‌మహల్ పరదా ముందు ఊపిరి బిగబట్టి నిలబడటం. మా అత్తమ్మ పుట్టిల్లు కాగజ్‌నగర్. సిర్పూర్ పేపర్ మిల్లు 1938లో ఏర్పడ్డాక, కొత్తపేట అనే ఊరు కాగితం పేరుతో కాగజ్‌నగర్ అయింది. ఆమె తండ్రి మిల్లు కార్మికుడు. కాగితానికి కొదవలేని ఇల్లు అన్నమాట. "కాయిదం మస్తుండె బిడ్డా, రాసుడే రాకపోయె" అంటుంది అత్తమ్మ. ఐదో తరగతిలో బడి మాన్పించారు.

ఆమె పెళ్లి ఆల్బమ్ నల్ల అట్టలది. ఫోటో నాలుగు మూలలకు చిన్న కాగితపు కార్నర్లు, పేజీకి పేజీకి మధ్య బటర్ పేపర్. ఇన్నేళ్లయినా ఆ ఫోటోలు బాగున్నాయి, ఎందుకంటే ఫోటోకు ఎక్కడా జిగురు తగల్లేదు. పాడైనవి ఆ తర్వాతివి. మా ఆయన చిన్నప్పటి ఫోటోలు, నా పెళ్లి ఫోటోల్లో కొన్ని, ప్లాస్టిక్ పొర లేపి పెట్టే జిగురు చారల ఆల్బమ్‌లో ఉన్నాయి. అప్పట్లో అదే ఫ్యాషన్. ఆ జిగురు గోధుమరంగుకు తిరిగి ఫోటోను పట్టేసుకుంది. లాగితే చిరుగుతుంది. (సన్నటి గట్టి దారం ఫోటో కింద పెట్టి రంపంలా మెల్లగా లాగితే కొన్ని ఊడివచ్చాయి. తొందర పడకండి. ఊడకపోతే అట్లాగే ఉంచి పైనుంచి ఫోటో తీసుకోవడం మేలు.) అత్తమ్మ దాచిన పేపర్ కటింగులు ఇంకా ఘోరం, ముట్టుకుంటే పొడి. చవక కాగితంలో కర్రలోని లిగ్నిన్ అనే పదార్థం తీయకుండా వదిలేస్తారు, అది గాలికి, వెలుతురుకు పసుపెక్కి పెళుసవుతుంది. మిల్లులో మంచి కాగితం చేసేటప్పుడు వెదురునో కర్రనో మందులతో ఉడకబెట్టేది ఆ లిగ్నిన్ తీసేయడానికే. అత్తమ్మకు ఈ సంగతి నేను చెప్పబోతే నవ్వింది. "గది మా నాయిన రోజూ చెప్పేటోడు."

ఇంటి ఆల్బమ్‌ను ఒక పెద్ద పనిగా లోకానికి చూపించినవాళ్లు అమెరికాలో యూటా రాష్ట్రపు మారిలెన్ క్రిస్టెన్సెన్ కుటుంబం. 1980లో సాల్ట్‌లేక్ సిటీలో వంశావళుల మీద జరిగిన ప్రపంచ సభలో, తమ ఇంటి జ్ఞాపకాల పుస్తకాలు యాభై సంపుటాలు పెట్టి చూపించారు. చూసినవాళ్లు ఎట్లా చేశారు, ఏ కాగితం వాడారు అని అడగడం మొదలుపెట్టారు, చెప్పేందుకు వాళ్లు పుస్తకం రాసి దుకాణం తెరిచారు. ఇప్పుడు మనం ఫోన్‌లో చూసే పూల అంచులు, రంగు స్టిక్కర్లు, అందమైన అక్షరాల వ్యాపారమంతా ఆ తర్వాత పెరిగిందే. ఒక గృహిణి మొదలుపెట్టిన పని అని చెప్పుకోవడానికి నాకు కొంచెం గర్వంగానే ఉంటుంది.

మన దగ్గర మాత్రం కంప్యూటర్ వచ్చాక ఆల్బమ్ ఆడవాళ్ల చేతిలోంచి స్టూడియో చేతిలోకి పోయింది. కరిజ్మా ఆల్బమ్ అందరి ఇళ్లల్లో ఉంది కదా. పెళ్లికూతురు తామరపువ్వులోంచి లేస్తుంది, పెళ్లికొడుకు స్విట్జర్లాండ్ కొండల్లో నిలబడతాడు. నిజానికి డిజిటల్ స్క్రాప్‌బుక్ అంటే అదే, మనకు తెలియకుండానే పాతికవేలు ఇచ్చి చేయించుకుంటున్నాం. అందులో నాకు నచ్చనిది తామరపువ్వు కాదు. అన్ని పేజీల్లో ఎక్కడా అత్త పేరు, మేనమామ పేరు ఉండదు. "హ్యాపీ మూమెంట్స్" అని ఉంటుంది.

స్టూడియోకు పెద్ద కంప్యూటర్ ఎందుకు కావాలో ఒకసారి లెక్క వేసి చూశాను. 12 అంగుళాల ఎత్తు, తెరిస్తే 36 అంగుళాల వెడల్పు ఉండే కరిజ్మా షీటు అనుకోండి. అచ్చు శుభ్రంగా రావాలంటే అంగుళానికి 300 చుక్కలు. అంటే ఒక వైపు 3,600, ఇంకో వైపు 10,800, మొత్తం 3 కోట్ల 88 లక్షల పైచిలుకు చుక్కలు. ఒక్కో చుక్క రంగు గుర్తుపెట్టుకోవడానికి 4 బైట్లు పోతాయి. ఒక్క పొరకే 155 ఎంబీ. ఫోటో ఒక పొర, పువ్వు ఒక పొర, అక్షరాలు ఒక పొర, ఇట్లా ఇరవై పొరలైతే 3 జీబీ దాటుతుంది. అదే మనకు చాలిన 8 అంగుళాల చదరపు పేజీ అయితే 2,400కు 2,400 చుక్కలు, పొరకు 23 ఎంబీ. అంత పని ఇప్పటి మామూలు ట్యాబ్ చేస్తుంది. బొమ్మలు గీసే కొన్ని యాప్‌లు "ఇంకో పొర వేయలేను" అని మొరాయించేది ఈ లెక్క వల్లే. యాప్ చెడ్డదని కాదు, పేజీ పెద్దది పెట్టుకున్నాం అంతే. పెళ్లి ఆల్బమ్ అచ్చు వేయించాలంటే ల్యాప్‌టాపో స్టూడియోనో కావాలి. ఇంటి పుస్తకానికి అక్కర్లేదు.

మేము కూడా మొదలుపెట్టింది ల్యాప్‌టాప్‌తోనే. మా ఆయన ఆదివారాలు కూర్చుని ఫోటోలు స్కాన్ చేసి "న్యూ ఫోల్డర్", "న్యూ ఫోల్డర్ టూ" అని పెట్టుకుంటూ పోయాడు. పేర్లు అడగడానికి అత్తమ్మను పిలిచి బల్ల దగ్గర కుర్చీలో కూర్చోబెట్టేవాడు. ఆమె కొడుకు పక్కన, కొంచెం వెనక్కి, పరాయి ఇంట్లో కూర్చున్నట్టు కూర్చునేది. తెర నిలువుగా అతని వైపు తిరిగి ఉంటుంది. మౌస్ అతని చేతిలో. "ఈమె ఎవరమ్మా?" "సరిగ కనవడ్తలేదు బిడ్డా." "ఈమె?" "యాదికి లేదు." పది నిమిషాలకు లేచిపోయేది. మతిమరుపు మొదలైందేమో అని మా ఆయన నాతో చాటుగా అన్నాడు. నేనూ నమ్మాను.

ఆ తర్వాత ఒక వానాకాలం, ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్ పోయింది. బాగుచేసే షాపులో కొన్ని ఫోటోలు తీయగలిగారు గాని, ఏ ఫోటోకు ఏ పేరు అని ప్రోగ్రాంలో మేము పెట్టుకున్న గుర్తులు ఒక్కటీ రాలేదు. పేర్లు ఫోటోలో లేవు, ప్రోగ్రాం తన దగ్గర విడిగా దాచుకుంది. ఇది మా ఒక్కరి ఇంటి నష్టం అనుకోవద్దు. ఆర్కుట్‌లో ఆల్బమ్‌లు పెట్టుకున్న మన తరం వాళ్లు ఎంతమంది ఉన్నారు? 2014 సెప్టెంబర్ 30న అది మూతపడింది. కంప్యూటర్లలో ఫోటోలు సర్దుకోవడానికి అందరూ వాడిన పికాసాను 2016లో ఆపేశారు. నల్ల అట్టల ఆల్బమ్ తయారుచేసిన దుకాణం ఎప్పుడో మూతపడి ఉంటుంది, అయినా ఆల్బమ్ తెరుచుకుంటుంది. డిజిటల్‌కు ఆ గుణం దానంతట రాదు, మనం చూసి తెచ్చుకోవాలి.

ట్యాబ్ మా ఇంటికి వచ్చింది కరోనా కాలంలో, పిల్లవాడి ఆన్‌లైన్ క్లాసుల కోసం. అంతకుముందు కథ చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆపిల్ వాళ్లు 2010లో ఐప్యాడ్ తెచ్చారు. మన ప్రభుత్వం 2011 అక్టోబర్ 5న విద్యార్థుల కోసం చవక ట్యాబ్ "ఆకాశ్" విడుదల చేసింది. మొదటి ఆకాశ్‌లను కూర్చింది మన హైదరాబాద్‌లోనే. 7 అంగుళాల తెర, దాన్ని వేలితో తాకితే చాలదు, నొక్కాలి. ఆ నొక్కుడుకే సగం మందికి విసుగొచ్చింది. అదే సంవత్సరం శాంసంగ్ పెన్నుతో గెలాక్సీ నోట్ తెచ్చింది, 2015లో ఆపిల్ కూడా పెన్సిల్ తెచ్చింది. నాకైతే తెర మీద పెన్ను పెట్టి రాయడం వచ్చిన రోజే ట్యాబ్ ఆల్బమ్ అయింది. అంతకుముందు అది చిన్న టీవీ.

ఒక మధ్యాహ్నం, అత్తమ్మ చాప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నేను పక్కన కూర్చుని ట్యాబ్‌లో ఆ బతుకమ్మ ఫోటో పెట్టి చూస్తున్నాను. ఆమె తొంగిచూసి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, ట్యాబ్‌ను ఒడిలోకి తీసుకుంది. రెండు వేళ్లతో పెద్దది చేయడం వాట్సాప్‌లో మనవడు నేర్పాడు. మొహాల మీదికి లాక్కుంది. "గిది మా వదినె. గిది పక్కింటి సాయవ్వ... గీమె ముక్కుపుల్ల చూడు, గిది మా అవ్వది, పెండ్లికి అడుక్కపోయింది, ఇయ్యలే మల్ల." ఒక్క గంటలో ఆరుగురు. ల్యాప్‌టాప్ ముందు యాదికి రానిది ఒడిలోకి రాగానే యాదికొచ్చింది. మతిమరుపు కాదు, తెర దూరం, మౌస్ వేరే చేతిలో ఉండటం. జనానా స్టూడియో గురించి నేను చదివింది తర్వాత, చదవగానే ఈ మధ్యాహ్నమే గుర్తొచ్చింది.

అందుకే ల్యాప్‌టాప్ వద్దన్నాను. ట్యాబ్ గొప్పదని కాదు. నేల మీద పెడితే పాత ఆల్బమ్‌లాగే పడుకుంటుంది, చుట్టూ నలుగురు కూర్చోవచ్చు, ఏ పక్కనుంచైనా వేలు పెట్టి "గిదెవరు" అనొచ్చు.

ఇక యాప్ సంగతి. మీలో చాలామంది అడిగేది ఇదే కాబట్టి నేను చూసినవి చెప్తాను. అందరూ పొగిడే ప్రోక్రియేట్ 2011లో ఆస్ట్రేలియాలోని టాస్మానియా నుంచి వచ్చింది. ఒకసారి డబ్బు కడితే చాలు, నెలనెలా కట్టక్కర్లేదు, కానీ ఐప్యాడ్‌లో తప్ప దొరకదు, పైగా అది బొమ్మలు గీసేవాళ్ల కోసం. పేజీలు తిప్పే పుస్తకంలా ఉండదు. కాన్వా అందరికీ తెలుసు. దాని పుట్టుక నాకు చాలా ఇష్టం. పెర్త్‌లో మెలనీ పెర్కిన్స్ అనే అమ్మాయి కాలేజీలో డిజైన్ ప్రోగ్రాంలు నేర్పేది, అవి పిల్లలకు ఎంత కష్టంగా ఉన్నాయో చూసి 2007లో, స్కూళ్లు తమ వార్షిక ఆల్బమ్‌లు తామే సులువుగా చేసుకునే పని మొదలుపెట్టింది. వాళ్లమ్మ ఇంటి హాల్లోనే ఆఫీసు. అదే పెరిగి 2013లో కాన్వా అయింది. ఆల్బమ్‌లోంచి పుట్టిన యాప్ కాబట్టి పేజీలు, ఫ్రేములు, తెలుగు అక్షరాలు అన్నీ అమరిపోతాయి. దానికి నెట్ ఉండాలి. మా దగ్గర వానలు పట్టుకున్నాయంటే కరెంటుకే దిక్కులేదు, నెట్ మాట దేవుడెరుగు.

మాది శాంసంగ్ ట్యాబ్. అందులో శాంసంగ్ నోట్స్ అని ఊరికే వస్తుంది, దాన్ని కిరాణా లెక్కలకు తప్ప ఎవరూ పట్టించుకోరు. నేను ఎక్కువగా వాడేది అదే. ఫోటో పెట్టొచ్చు, పెన్నుతో దాని మీదే రాయొచ్చు, రాస్తున్నంతసేపు మాట రికార్డు చేయొచ్చు, నెట్ అక్కర్లేదు. అందమైన అంచులు ఉండవు. ఉండకపోతే ఏం, మా ఆడపడుచు ముగ్గు వేసినట్టు పెన్నుతో అంచులు గీసింది, కొనుక్కున్న పూల కన్నా అవే బాగున్నాయి. తర్వాత ఎవరికైనా బహుమతిగా అచ్చు వేయించాలంటే ఆ పేజీని కాన్వాలో పెట్టి సింగారిస్తాను.

ఏ యాప్ అయినా సరే, కొనేముందు నేను "రాజ్యలక్ష్మి", "స్త్రీ" అని టైపు చేసి చూస్తాను. కొన్నింట్లో వత్తులు ఊడి పక్కన పడతాయి, అక్షరాలు విడివిడిగా నిలబడతాయి. మన పేర్లు సరిగా రాయలేనిది మన ఇంటి పుస్తకం ఎట్లా అవుతుంది? తర్వాత, ఏమీ కూర్చకముందే ఒక్క పేజీని పీడీఎఫ్‌గా, జేపీజీగా బయటికి తీసి, దాన్ని వేరే ఫోన్‌కు పంపి తెరిచి చూస్తాను. బయటికి రాకపోతే ఎంత ముద్దొచ్చే యాప్ అయినా నమస్కారం పెట్టేస్తాను. ఒక యాప్‌లో నలభై పేజీలు చేశాక బయటికి తీయాలంటే ఏడాదికి ఇంత కట్టమంది. పేరు చెప్పను, తప్పు నాదే, ముందు చూసుకోలేదు. ఇంకో సంగతి, పీడీఎఫ్ తీస్తే గొంతు అందులో రాదు. అత్తమ్మ మాటల రికార్డింగులను విడిగా తీసి, ఫోటో నంబరే వాటికి పేరుగా పెట్టి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, మా మరిది ఇంట్లో ఒకటి ఉంచాను. పేర్లు మాత్రం ఫోటో కింద పేజీలోనే ఉంటాయి, ఏ ప్రోగ్రాం కడుపులోనూ కాదు. ఆరునెలలకోసారి కొత్త పేజీలు ప్రింటు తీయించి కాగితం మీద కూడా పెడుతున్నాను. కాగితానికి నేనింకా విశ్వాసంగానే ఉన్నాను, కాగజ్‌నగర్ కోడలిని కదా ఒకరకంగా.

పేర్లు మొదట నేనే టైపు చేసేదాన్ని. ఒకరోజు అత్తమ్మ పెన్ను ఇటు ఇమ్మంది. బడి మానేసిన అరవై ఏళ్లకు పైగా సంతకం తప్ప రాయని చెయ్యి. తెర మీద పెన్ను జారుతుంటే రెండుసార్లు తుడిచి, "సాయవ్వ" అని రాయడానికి ఐదు నిమిషాలు పట్టింది. వ కింద వత్తు పక్కకు పోయింది. ఇక్కడ టైపు చేసిన అక్షరం కన్నా ఆ వంకర అక్షరమే నాకు కావాలి అనిపించి, ముందు టైపు చేసినవన్నీ కొట్టేశాను. ఇప్పుడు ఆమే రాస్తోంది. రోజుకు ఒక ఫోటో, మధ్యాహ్నం నిద్ర లేచాక. ఈ లెక్కన సందూక అయ్యేసరికి ఇంకో ఏడాదిన్నర పడుతుంది. తొందరపెట్టాలని నాకు ఉంటుంది, ఎందుకో మీకు తెలుసు. పెట్టను.

బతుకమ్మ ఫోటోలో ఏడో ఆవిడ కొంచెం పక్కకు తిరిగి ఉంది, కొంగు మొహం మీద సగం పడింది. అత్తమ్మ మూడు మధ్యాహ్నాలు ఆమెను పెద్దది చేసి చూసింది. కాగజ్‌నగర్ మిల్లు క్వార్టర్ల నుంచి ఆ ఏడు పండక్కి వచ్చిన పిల్ల అయి ఉండొచ్చంటుంది, ఒకసారి కాదంటుంది. చివరికి ఆమె కింద "యెరుక లేదు" అని రాసి, పక్కన జాగా వదిలిపెట్టమంది. ఆ పేజీ ప్రింటు తీసి కాగజ్‌నగర్‌లో ఉన్న వాళ్ల చిన్నమ్మ కూతురికి పంపించాం. ఆమెకూ డెబ్బై దాటాయి, కళ్లకు ఆపరేషన్ అయింది, పట్టీ తీశాక చూసి చెప్తానంది.